ఓడిన ఆటల్లో వాటా

రెంజల్,
అక్టోబర్ 20

నరేందర్‌కు,

ఆశీస్సులు. ఇక్కడ మీ అక్క, నేను క్షేమం. వరి కోతలు మొదలయ్యాయి. పసుపు ఆకు ఈసారి బాగుంది. దుంప సంగతి తవ్వితే గాని తెలియదు.

ఉత్తరం రాస్తున్నానని నవ్వకు. ఇది మీ అక్క పెట్టిన రూలు. మొన్న మనిద్దరం ఫోన్లో అరుచుకున్నాక ఆమె నా చేతిలోంచి ఫోన్ గుంజుకుంది. "బావ బామ్మర్దులు ఇగ ఫోన్ల మాట్లాడేది లేదు. కాయిదం మీద రాసుకోండ్రి. రాసేటప్పుడన్న జర సోయి ఉంటది" అన్నది. నాకూ ఇదే నయం. ఫోన్లో నువ్వు పది మాటలు అనేలోపు నాకు ఒకటి దొరుకుతుంది. అది దొరికేసరికి నువ్వు పెట్టేస్తావు.

ఆ రోజు అడగాలనుకున్నది ఇది. పేపర్లో మా సంజన గురించి వేశారు. 'మేనమామ చేయి పట్టి నడిపిస్తే' అని పెద్ద అక్షరాలు. ఫోటోలో పిల్ల పక్కన నువ్వు. శాలువా కూడా కప్పుకున్నావు. నా గురించి చివర్లో రెండు మాటలున్నాయి: 'తండ్రి రైతు.' పేరు వేయలేదు.

పిల్లను తొమ్మిదేళ్లప్పుడు నీ ఇంట్లో పెట్టింది నేనే. రెంజల్‌లో టెన్నిస్ కోర్టు లేదు, నిజామాబాద్‌లో ఉంది కాబట్టి. నీ దగ్గర ఉంచాను. ఇచ్చేయలేదు.

ఇంకో సంగతి. ఆటగాళ్ల రికార్డు ఇంటర్నెట్‌లో పెడతారు. ఏ ఊళ్లో, ఏ రౌండులో, ఎవరితో, ఎంత స్కోరు అన్నీ ఉంటాయి. సంజన ప్రొఫెషనల్ అయిన నాటి నుంచి ఆడిన ప్రతి ఆట అందులో ఉంది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదువుతున్నాను. డబ్ల్యూ అంటే గెలుపు, ఎల్ అంటే ఓటమి. నువ్వు ఆట చూడ్డానికి పోయినప్పుడల్లా స్టేటస్‌లో ఫోటో పెడతావు. ఆ తేదీలు, ఈ తేదీలు పక్కపక్కన పెట్టి చూశాను. బెంగళూరు, నువ్వున్నావు, ఎల్. అహ్మదాబాద్, నువ్వున్నావు, ఎల్. పోయిన ఏడాది ఢిల్లీ, మళ్లీ ఎల్. నువ్వు కూర్చున్న ఒక్క ఆట కూడా ఆమె గెలవలేదు.

నేను దిష్టీ గిష్టీ నమ్మే మనిషిని కాను. ఉన్నది ఉన్నట్టు రాశాను. నవంబర్‌లో పుణె టోర్నీకి నువ్వు పోకుంటే మంచిదని నా అభిప్రాయం.

అత్తకు నమస్కారం చెప్పు.

సురేందర్


కంఠేశ్వర్, నిజామాబాద్,
అక్టోబర్ 26

బావా,

నీ ఉత్తరం మెడికల్ షాపులో గిరాకీ ముందే విప్పాను. ఈ రోజుల్లో చేత్తో రాసిన కవరు చూసి ఒకాయన, "ఏంది నరేందర్, కోర్టు నోటీసా?" అన్నాడు. "కోర్టుదే, గని టెన్నిస్ కోర్టు. మా బావ కేసు ఏసిండు" అన్నాను. నీ పేరు జనానికి తెలియడం లేదని బాధ పడ్డావు కదా, ఇప్పుడు కంఠేశ్వర్ మొత్తానికి తెలిసింది.

పేపరువాళ్లు వేసినదానికి నన్నంటావేం? వాళ్లు షాపుకు వచ్చారు, నేను ఉన్నాను. నువ్వు పొలంలో ఉన్నావు. శాలువా వాళ్లే కప్పారు.

నువ్వు రోజూ చూసే ఆ పేజీ నేనూ చూస్తాను. అందులో ఆమె పేరు ముందు మీ ఇంటి పేరు ఉంది. పుట్టిన ఊరు రెంజల్ అని ఉంది. పదమూడేళ్లు కంఠేశ్వర్‌లో తిని, కంఠేశ్వర్‌లో పడుకుని, ఇక్కడి నుంచే పొద్దున్నే బ్యాటు పట్టుకుని పోయిన పిల్ల. ఆ పేజీ ఎంత కిందికి పోయినా కంఠేశ్వర్ అన్న మాట కనిపించదు. గెలిచిన కప్పులు రెండు రోజులు మా ఇంట్లో ఉంటాయి. స్నేహలత తుడిచి, గుడ్డలో చుట్టి పెడుతుంది. తర్వాత అవి బస్సెక్కి మీ షోకేసులోకి వస్తాయి. మాకు పిల్లలు లేరు, మా షోకేసులో గాజు గ్లాసులున్నాయి. నేనెప్పుడైనా కేసు వేశానా?

పుణెకు పోవద్దంటున్నావు. నిన్న ఆమే ఫోన్ చేసింది. "మామా, పుణెకు రా. షాపు స్నేహలత అత్తకు అప్పజెప్పు" అంది. పిలిచింది నన్ను. నిన్నెందుకు పిలవదో ఆమెనే అడుగు.

అక్కకు చెప్పు, సోయితోనే రాశాను.

నీ బామ్మర్ది
నరేందర్


రెంజల్,
నవంబర్ 2

శ్రీ నరేందర్ గారికి,

నమస్కారం. మీ ఉత్తరం చేరింది.

మీ అక్క రాధాబాయికి పుట్టింటి ఒడి బియ్యం పోయక చాలా ఏళ్లయింది. మా పెళ్లయి ఇది బేసి సంవత్సరం, ఈసారి దాటితే మళ్లీ ఆలస్యమవుతుంది. తమ్ముడు ఒడి నింపాలని ఆమెకు ఎంతో ఉంది, నోరు తెరిచి అడగదు. మంచి రోజు చూపించాను. పదమూడో తారీఖు బుధవారం బాగుందన్నారు. ఆ రోజు పొద్దున మేమిద్దరం మీ ఇంటికి వస్తాము. బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, చీర మీరు చూసుకోగలరు. పసుపు మాది తెస్తాము.

ఇది మీ పుట్టింటి మర్యాద. కాదంటే మీ ఇష్టం.

సురేందర్


కంఠేశ్వర్,
నవంబర్ 6

బావా,

'గారు' ఎప్పటి నుంచి? చదివి స్నేహలత, "ఎవరికో రాసింది మనకొచ్చిందా?" అని కవరు తిప్పి చూసింది.

పదమూడో తారీఖు అని చదివి ముందు నవ్వాను. పుణెలో అసలు పోటీ, అదే మెయిన్ డ్రా ఆటలు, ఆ రెండు మూడు రోజులే. నీకు రోజు చూసినవాడు పంచాంగం చూశాడో టోర్నీ షెడ్యూలు చూశాడో నాకు తెలుసు. తర్వాత నవ్వు రాలేదు.

అక్క పేరు పెట్టావు. అక్క ఒడి ముందు నేను దేన్నీ పెట్టలేను, అది నీకు తెలుసు. రండి. సంజనకు రాలేనని చెప్పాను. "సరే మామా" అంది.

నరేందర్


కంఠేశ్వర్,
నవంబర్ 15

బావా,

అక్క ఒడి నిండింది. పోయేటప్పుడు గడపలో నిలబడి నా తల నిమిరింది. ఆ సంతోషంలో నీకు వాటా లేదు, అది మా ఇద్దరిది. మిగతాది నీకు రాస్తున్నాను.

బియ్యం నా దోసిట్లో ఉండగా జేబులో ఫోన్ మోగింది. నువ్వు ఎదురు కుర్చీలోనే ఉన్నావు. నా చేయి కదిలేసరికి మా అమ్మ, "ఒడి నింపుతుండంగ ఫోన్ ఏందిరా? నీ అక్క కన్న ఎక్కువనా?" అని గదిమింది. చేతుల నిండా నూనె, పసుపు కలిపిన బియ్యం. మొదలుపెట్టాక మధ్యలో లేవకూడదు. రెండోసారి మోగింది. మళ్లీ మోగలేదు. అప్పుడు అందరూ అక్క ఒడి వైపు చూస్తున్నారు. నువ్వు నా జేబు వైపు చూస్తున్నావు.

చేతులు కడుక్కుని తిరిగి ఫోన్ చేసేసరికి ఆమె కోర్టులోకి పోయింది. స్కోరు నువ్వూ చూసి ఉంటావు. సున్నా ఆరు, ఒకటి ఆరు. ప్రొఫెషనల్ అయ్యాక ఇంత ఘోరంగా ఎన్నడూ ఓడలేదు. ఈసారి నేను అక్కడ లేను బావా. నీ లెక్క ఇప్పుడేమంటుంది?

ఇన్నేళ్లు నోరు మూసుకున్నాను, ఇక చెబుతాను. ఆమె నన్ను గెలిచే ఆటకు ఒక్కదానికి కూడా పిలవలేదు. ముందు ఆడేవాళ్ల పేర్లు వస్తాయి. చూసుకుంటుంది. నెగ్గగలను అనుకుంటే ఎవరికీ చెప్పదు, ఒక్కతే పోయి ఆడి వస్తుంది. ఇక్కడ నావల్ల కాదు అనుకుంటేనే "మామా, రా" అంటుంది. నేను కూర్చుంటే ఓడిపోవడం కాదు. ఓడిపోతానని తెలిసి నన్ను కూర్చోబెట్టుకుంటుంది.

నేనక్కడ పెద్దగా చేసేదేమీ లేదు. ఆట అయ్యాక బయటికి వస్తుంది. షాపు ముచ్చట్లు చెబుతాను. "ఒకామె వచ్చి, మొన్నిచ్చిన తెల్లగోలి ఇయ్యి అన్నది. అన్నీ తెల్లగనే ఉంటయమ్మా అన్న. గట్లయితే అండ్ల పెద్దది ఇయ్యి అన్నది." ఇలాంటివి. కాసేపటికి నవ్వుతుంది. నవ్వాక ఏడుస్తుంది. ఏడ్చాక ఆకలవుతుంది. ఏదైనా తిని ఇంటిదారి పడతాం.

బాపును ఎందుకు పిలవవని ఒకసారి అడిగాను. "పన్నెండేండ్లప్పుడు హైదరాబాద్‌ల ఓడిపోయిన. బాపు వచ్చిండు. సెలవులని సీదా రెంజల్‌కే తీసుకపోయిండు, బస్సుల ఒక్క మాట మాట్లాడలే మామా. బోధన్ దాక కిటికీల నుంచే సూసిండు. బాపుకు గెలిచినయే సూపియ్యాలె అని గప్పుడే అనుకున్న" అంది.

ఇది నీకు చెప్పకపోవడానికి కారణం నువ్వు బాధపడతావని కాదు. అంత మంచివాణ్ని కాను. కప్పులు మీ ఇంటికి వస్తాయి, పేజీలో మీ ఇంటి పేరు ఉంటుంది, నాకు మిగిలింది ఇదొక్కటే. చెబితే ఇందులోకి కూడా వాటాకు వస్తావని చెప్పలేదు.

నరేందర్


రెంజల్,
నవంబర్ 28

నరేందర్,

నీ ఉత్తరం మీ అక్కకు చదివి వినిపించలేదు. "ఏం రాసిండు తమ్ముడు?" అని అడిగితే, "అందరు మంచిగున్నరట" అన్నాను.

ఆ బస్సులో నాకు కోపం లేదు. ఏమనాలో వెతుకుతూ కూర్చున్నాను. కామారెడ్డి దాటినా దొరకలేదు. బోధన్ వచ్చేసరికి ఒక మాట దొరికింది, అప్పటికి పిల్ల నిద్రపోయింది. నీకైతే బస్సు కదలకముందే ఒక తెల్లగోలి దొరికేది.

అన్ని సంగతులూ తిప్పి తిప్పి ఆలోచించాను. ఇన్నాళ్లూ ఆ పేజీలో డబ్ల్యూ కనిపిస్తే ఆ రోజు పొలంలో పని తేలికగా నడిచేది. ఎల్ వస్తే పేజీ మూసేసేవాణ్ని. ఇప్పుడు ఎల్ దగ్గరే చూపు ఆగుతోంది. బెంగళూరు ఎల్ చూస్తే, అక్కడ బయట మెట్ల మీద నువ్వూ నా బిడ్డా కూర్చుని ఉంటారని తోస్తుంది. ఆమె ఏడుస్తూ ఉంటుంది. నువ్వు పక్కన ఉంటావు. అహ్మదాబాద్‌లోనూ అంతే. ఢిల్లీలోనూ అంతే. మీరేం తిన్నారో కూడా నాకు తెలియదు. షోకేసులో కప్పులు మెరుస్తున్నాయి గాని, వాటిని తెచ్చిన పిల్ల ఏడిస్తే ఎట్లుంటుందో పన్నెండేళ్లప్పటి నుంచి నేను చూడలేదు.

కప్పులు కావాలంటే అన్నీ తీసుకపో. నేనే తెచ్చి మీ షోకేసులో పెడతాను. గ్లాసులు తీసి పక్కన పెట్టు.

ఓడిపోయే ఆట ఒక్కటి నాకియ్యి.

డిసెంబర్ మూడో వారం సోలాపూర్‌లో టోర్నీ ఉందట. ఆమె నిన్ను పిలుస్తుంది. జ్వరమని చెప్పు.

సురేందర్


కంఠేశ్వర్,
డిసెంబర్ 4

బావా,

వాటా అడగడానికి ఇది చెలక కాదు. గట్టు జరిపి ఇంత నీది, ఇంత నాది అని రాయి పాతలేం. అది ఆమె ఇష్టం. నేనివ్వను.

ఒడి బియ్యం పేరు చెప్పి ఒకటి లాక్కున్నావు. దాన్నీ నువ్వు అనుభవించలేదు, నేనూ అనుభవించలేదు. పిల్ల ఒక్కతే అనుభవించింది.

డిసెంబర్ 8

పైది రాసి పోస్టు చేయకుండా గల్లాపెట్టెలో పడేశాను. నిన్న ఫోన్ చేసింది. సోలాపూర్‌లో ఆడేవాళ్ల పేర్లు వచ్చాయట. "ఎవ్వలతోని పడ్డా మొదటి రౌండ్లనే పోత మామా. రా" అంది. నేను గొంతు తగ్గించి, "జెరం బిడ్డా, లేస్తలేను" అన్నాను. "గోలీలమ్మెటోనికి జెరమా?" అంది. తర్వాత, "మంచిది, పండుకో" అంది. ఫోన్ పెట్టాక నిజంగానే ఒళ్లు వేడిగా అనిపించింది. మా షాపులో గోలి నేనే వేసుకున్నాను, స్నేహలత నవ్వింది.

పో. చప్పట్లు కొట్టకు. ఆట మధ్యలో నీ వైపు చూస్తే తల ఊపకు, నీళ్లు తాగమని సైగ చేయకు, ఊరికే కూర్చో. అది నీకు చేతనవును. ఆట అయ్యాక బట్టలు మార్చుకుని ఆలస్యంగా వస్తుంది, వెతుక్కుంటూ లోపలికి పోకు.

తర్వాత ఏం మాట్లాడాలో మాత్రం నన్నడగకు. నా ముచ్చట్లు నావి.

నరేందర్


సోలాపూర్, లాడ్జి,
డిసెంబర్ 17, సాయంత్రం

నరేందర్,

బోధన్ నుంచి లాతూర్ దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకొకటి. మీ అక్క జొన్నరొట్టెలు కట్టింది.

గేటు దగ్గర మరాఠీలో పిల్ల తండ్రినని చెబితే పోనిచ్చారు. లోపల సంజనతో ఆడే ఒక అమ్మాయి నన్ను చూసి, "మామాజీ నహీ ఆయే?" అని నీ గురించి అడిగింది. పక్కన ఇంకో అమ్మాయి కూడా అదే అడిగింది. బంతులు ఏరేవాళ్లకు కూడా నువ్వు తెలుసు. అందరికీ, "బుఖార్ హై" అని నీ జ్వరం సంగతి చెప్పుకుంటూ పోయాను. అంతమందికి నీ క్షేమం చెప్పడానికి సోలాపూర్ దాకా వచ్చినట్టయింది.

సంజన కోర్టులోకి వచ్చి నన్ను చూసింది. ముఖం బిగుసుకుంది. బ్యాటు తీగలు సర్దుకుంటూ చాలాసేపు నా వైపు తిరగలేదు. ఎదుటి పిల్ల పొడుగ్గా ఉంది, పెద్ద ర్యాంకట. ఇక అయిపోయింది, వచ్చిన పని అవుతుంది అనుకున్నాను.

మొదటి సెట్టు సంజన గెలిచింది.

ఇప్పుడు రాసేది మీ అక్కకు చెప్పకు. రెండో సెట్టులో కూడా ముందుకు పోతుంటే నాకు సంతోషం రాలేదు. మనసులో, ఈ బంతి బయటపడాలి, ఇది కూడా పడాలి అని అనుకుంటున్నాను. కన్న బిడ్డ ఓడాలని కన్న తండ్రి కూర్చుని కోరుకుంటున్నాడు. ఆ సెట్టు పోయింది. నా వల్లే పోయిందనిపించింది. మూడో సెట్టు తల దించుకుని కూర్చున్నాను, సిమెంటు మీద బూట్ల చప్పుడు మాత్రం విన్నాను. అందరూ లేచి చప్పట్లు కొడితే తలెత్తాను. గెలిచింది.

ఉరుక్కుంటూ వచ్చింది. "సూసినవా బాపు!" అంది. నేను, "సూసిన" అన్నాను.

ఛాయ్ తాగుతుంటే అడిగింది, "మామకు జెరం తగ్గిందా?"

"తగ్గలే."

"అయితే నువ్వింక ఇంటికి పో బాపు. అమ్మ ఒక్కతే ఉంటది."

"రేపటిది సూసి పోత."

"రేపటిది వద్దు."

"ఎందుకు?"

"రేపు నాతోని కాదు. ఆ పిల్ల సర్వీసు నువ్వు సూడలే. గెలిచింది సూసినవు గద, గది సాలు. పో."

చూశావా నరేందర్, గెలుపు నా చేతిలో పెట్టి పంపించేస్తోంది. కప్పు ఇచ్చి బస్సెక్కించినట్టు. నువ్వు ఉంటే ఉండమనేది. ఇంత దూరం వచ్చినా గేటు బయటే ఉన్నట్టనిపించింది. కోపం వచ్చింది, నీ మీద, ఆమె మీద. ఆ కోపంలోనే మాట వచ్చింది.

"ఓడిపోతే ఓడిపో. నేను సూస్త" అన్నాను.

ఛాయ్ గ్లాసు కింద పెట్టి తల పక్కకు తిప్పుకుంది. పొమ్మని మళ్లీ అనలేదు.

రేపు పదకొండు గంటలకు ఆట.

సురేందర్


కంఠేశ్వర్,
డిసెంబర్ 24

బావా,

స్కోరు చూశాను. రెండు ఆరు, మూడు ఆరు. రెండో రౌండు, ఎల్.

ఆ రోజు పొద్దున షాపు తెరవలేదు. ఒంట్లో బాగానే ఉంది. "జెరం అని చెప్పినంక షాపుల కూసుంటె మంచిగుండది" అని స్నేహలతతో అన్నాను. "సోలాపూర్ నుంచి ఎవలన్న సూస్తున్నరా?" అంది. పదకొండు నుంచి ఫోన్ చేతిలో పట్టుకుని మంచం మీద కూర్చున్నాను. స్కోరు మారుతోంది, నువ్వు అక్కడ ఉన్నావు. ఆట అయిపోయింది. ఇప్పుడు బట్టలు మార్చుకుంటోంది అనుకున్నాను. ఇప్పుడు బయటికి వస్తోంది. ఇప్పుడు నేను తెల్లగోలి లాంటిది ఏదో మొదలుపెట్టాలి. మంచం మీద కూర్చుని ఆ రోజు షాపులో జరగని ముచ్చట ఒకటి అల్లాను కూడా. చెప్పడానికి ఎవరూ లేరు. మా అమ్మకు చెప్పాను. నవ్వలేదు.

సాయంత్రం దాకా ఆమె ఫోన్ చేయలేదు. పుణె తప్పిస్తే, ఓడాక ఆమెకు నేను ఫోన్ చేయాల్సిన పని ఎప్పుడూ పడలేదు, నేనే పక్కన ఉంటాను కాబట్టి. నేనే చేశాను. "నీకు జెరం లేదని నాకు తెలుసు మామా" అంది మొదటి మాటే. గొంతు ఏడ్చిన గొంతు. కాని తేలికగా ఉంది. ఆ గొంతు నాకు తెలుసు, అది ఆకలయ్యాక వచ్చే గొంతు.

"బాపు ఏమన్నడు?" అని అడిగాను.

"ఏమన్లే."

"ఒక్క మాట?"

"ఒక్క మాట గుడ అన్లే."

"మరి నువ్వేమన్నవు?"

"బాపును అడుగు" అంది.

ఇన్నేళ్లలో ఆమె నాకు చెప్పనిది ఏదీ లేదు బావా. ఆ రోజు నుంచి అన్నం సరిగా పోవడం లేదు. నీకు నేను అన్నీ రాశాను, హైదరాబాద్ బస్సు సంగతి కూడా రాశాను. అందుకే అడుగుతున్నాను. ఆమె ఏమంది?

నరేందర్


రెంజల్,
డిసెంబర్ 30

నరేందర్,

నీ ఉత్తరం చేరింది. మేము క్షేమం.

ఆట అయ్యాక ఆలస్యంగా వచ్చింది, నువ్వు రాసినట్టే. మెట్ల మీద నా పక్కన కూర్చుంది. నేనేమీ మాట్లాడలేదు, నాకేమీ దొరకలేదు. చాలాసేపటికి ఆమే మాట్లాడింది. తర్వాత ఏడ్చింది. తర్వాత ఆకలన్నది. మీ అక్క కట్టిన రొట్టెలు అప్పటికి గట్టిపడ్డాయి, అవే తిన్నాం.

నీ అన్నం సంగతి చదివాను. జాలి కలిగింది. అబద్ధమెందుకు, కొంచెం సంతోషం కూడా కలిగింది.

ఆమె అన్న మాట రాయను.

ఫిబ్రవరిలో బెంగళూరు టోర్నీ ఉందట. ఈసారి ఎవరిని పిలుస్తుందో తెలియదు. నిన్ను పిలిస్తే నాకు చెప్పు. నన్ను పిలిస్తే నేను చెప్పను.

సురేందర్